నీలావతి వదిలిన వంకాయ

కాశీ నుంచి దిగిన తోడికోడలి కాళ్ళు సావిత్రమ్మ కడగాల్సి వచ్చింది. ఇలాంటి గతి పగవాళ్ళకు కూడా వద్దని ఆమె ఆ పూటంతా అనుకుంటూనే ఉంది.

సావిత్రమ్మ ఆ ఇంటికి పెద్దకోడలు, నీలావతి చిన్నకోడలు. తల్లిలేని పిల్లగా పదహారేళ్ళకు కాపురానికొచ్చిన నీలావతికి కొప్పు ముడవడం దగ్గర్నుంచి పొయ్యి రాజెయ్యడం దాకా నేర్పింది సావిత్రమ్మే. అలాంటిది, ధర్మవరం స్టేషన్ నుంచి మేళంతో ఊరేగించి తీసుకొచ్చిన నీలావతి గడప ముందు పీటెక్కి నిలబడితే, సావిత్రమ్మ చెంబు పట్టుకుని వంగింది. కాశీకి పోయొచ్చిన మనిషికి వయసుతో పని లేదు. గంగలో మునిగిన కాళ్ళు కాబట్టి ఎంతటి పెద్దవాళ్ళయినా వాటిని కడిగి, పసుపు రాసి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకోవాలి.

నీలావతి సిగ్గుపడి వెనక్కి జరిగింది. "వద్దక్కా, నువ్వు నా కాళ్ళు పట్టుకోవద్దు."

"జరగొద్దు మే, ఆమెక్కూడా రోంత పుణ్యం రానీ" అన్నారు చుట్టూ మూగిన ఆడవాళ్ళు.

ఆ మాటకు సావిత్రమ్మ ఒళ్ళు భగ్గుమంది. తనకు రావలసిన పుణ్యం నీలావతి కాలివేళ్ళ సందుల్లోంచి కారి రావాలా?

ఎందుకంటే ఆ యాత్ర అసలు సావిత్రమ్మది. అత్తగారు పోయాక గయలో పిండం పెట్టిరావాలని ఇంట్లో అనుకున్నప్పుడు, పెద్దకొడుకు ఆదినారాయణ, పెద్దకోడలు సావిత్రమ్మ పోవాలని తీర్మానమైంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు చలికాలంలో యాత్రా స్పెషల్ రైలు పోతుందని తెలిసిన నాటి నుంచి ఆమెకు నేల మీద కాళ్ళు నిలవలేదు. బెల్లం పాకంతో నిప్పట్లు కాల్చి డబ్బాలకెత్తింది. పొడులు దంచింది. ఊళ్ళో కనిపించిన ప్రతి మనిషికీ "మీ పేరు చెప్పి గంగలో ఒక మునక వేస్తాలే" అని మాటిచ్చింది. తీరా బయలుదేరే వారంలో ఆదినారాయణ బత్తలపల్లి దారిలో చెనిక్కాయల బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పెద్దకొడుక్కి వీలు కాకపోతే చిన్నకొడుకు పెట్టినా పిండం అందుతుందని అయ్యవారు చెప్పాడు. దాంతో చిన్నవాడు గంగాధర, నీలావతి రైలెక్కారు. అత్తగారి చెల్లెలు వెంకటసుబ్బమ్మ హిందూపురం నుంచి వాళ్ళతో కలిసింది.

సావిత్రమ్మ తన కోసం చేసుకున్న నిప్పట్ల డబ్బా తన చేత్తోనే నీలావతి ఒళ్ళో పెట్టింది. రైలు కదిలేటప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. తోడికోడలంటే ఎంత ప్రేమో అని ప్లాట్‌ఫారం మీది జనం మెచ్చుకున్నారు. ఆ ఏడుపు నిప్పట్ల కోసమనీ, కాశీ కోసమనీ వాళ్ళకేం తెలుసు.

ఇప్పుడు కాళ్ళు కడగడం అయింది, పీట తీశారు. కాశీకి పోయొచ్చిన వాళ్ళను అడక్కుండా ఎవరూ వదలని ప్రశ్న ఒకటుంది. సావిత్రమ్మే అడిగింది.

"ఏం వదిలినావు?"

గయలో పిండం పెట్టినాక ఒక కాయో పండో వదలాలి. బాగా ఇష్టమైనదే వదలాలి. ఇక బతికున్నన్నాళ్ళు దాన్ని నోట పెట్టకూడదు. శాస్త్రం అలా చెబుతుంది. మన జనం శాస్త్రానికి ఒక దండం పెట్టి తమ తెలివి తాము చూపిస్తారు. ఆ ఇంటి మామగారు బతికున్నప్పుడు గయకు పోయి కాకరకాయ వదిలొచ్చాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి కాకరకాయ ముట్టింది లేదు. పక్కింటి గంగక్క పనసపండు వదిలింది. అనంతపురం జిల్లాలో పనసపండు కావాలన్నా ఎవరికి దొరుకుతుంది? అందుకని సావిత్రమ్మకు తెలిసినంత వరకు గయలో వదలడమంటే, గిట్టనిదాన్ని దేవుడి పేరు చెప్పి వదిలించుకోవడం.

"వంకాయ వదిలినా అక్కా" అంది నీలావతి. అని, సావిత్రమ్మ మొహంలోకి చూసి నవ్వి, ఆమె ఏదో అంటుందని ఎదురుచూసింది.

అక్కడున్న వాళ్ళంతా ఒక్కసారి సావిత్రమ్మ వైపు తిరిగారు. ఎందుకు తిరగరు? సావిత్రమ్మ గుత్తివంకాయ అంటే ధర్మవరంలోనే కాదు, చెన్నేకొత్తపల్లి దాకా పేరు. బావి కాడి మడిలో తనే నాటుకున్న నీలం చారల కాయలు, వేయించిన చెనిక్కాయలు, నువ్వులు, ఎండుకొబ్బరి కలిపి నూరిన కారం, మట్టి దాకలో సన్నటి సెగ. ఏ ఇంట్లో పెళ్ళయినా ఆ కూర దగ్గరికి సావిత్రమ్మను పిలవాల్సిందే. నీలావతికైతే ఆ వాసన వీధి మొగదలకే తెలిసేది. "అక్కా, వంకాయ కదా!" అని అక్కడ్నుంచే అరుచుకుంటూ వచ్చేది.

ఇన్నేళ్ళు లొట్టలేసుకుంటూ తిన్నదంతా నటనన్న మాట. ఇష్టం లేక, చెప్పలేక, ఇప్పుడు అంత దూరం పోయి దేవుడి ముందర వదిలించుకొచ్చింది. నా కాశీ తీసుకున్నది చాలక నా కూరను కూడా గంగపాలు చేసొచ్చింది. ఇలా అనుకుంటూ సావిత్రమ్మ పెరట్లోకి పోయి, చేతికంటిన పసుపును రాయికేసి తోమి తోమి కడుక్కుంది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున లేస్తే నీలావతి కోసం మనుషులు. విశ్వనాథుని లింగాన్ని ఎవరి చేత్తో వాళ్ళే తాకి నీళ్ళు పోయొచ్చట. సందులు ఎంత ఇరుకంటే ఆవు ఎదురైతే మనిషి వెనక్కి నడవాలట. గయ పక్కన బుద్ధుడి చోట బర్మా నుంచి, సింహళం నుంచి పసుపు గుడ్డల సాధువులు వచ్చి, చెట్టు కింద కూర్చుని అర్థంకాని భాషలో పాడుతుంటే ఏడుపొచ్చిందట. నీలావతి గొప్పలు పోయే మనిషి కాదు. అడిగినవాళ్ళకు చూసింది చూసినట్టు చెప్పేది, చెబుతూ మధ్యలో "ఆడ నువ్వుండాల్సింది అక్కా" అనేది. ఆ ఒక్క మాటే సావిత్రమ్మకు పుండు మీద కారం. లోపలికి పోయి దబరాగిన్నెలు అవసరం లేకున్నా చప్పుడయ్యేలా సర్దేది.

కాశీ దారాలూ, మూత బిగించిన గంగచెంబులూ చుట్టాలకు పంచాలి. హిందూపురంలో చిన్నత్త వెంకటసుబ్బమ్మ ఇంట్లో గంగపూజ చేసి పదిమందికి భోజనం పెట్టాలి. "అక్క వస్తేనే నేను పోతా" అని నీలావతి మొండికేసింది. ఆదినారాయణ మంచం మీద నుంచే, "పోయిరాపో. నా కాలు అతుక్కుంటే పెనుకొండ బాబయ్యకు చక్కెర పంచుతానంటివి కదా, దారిలోనే కదా" అన్నాడు. ఆయన అప్పటికి కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. గంగచెంబుల గంప ఎత్తుకుని సావిత్రమ్మ రైలెక్కింది. తనకొచ్చిన యాత్ర ఇది. ధర్మవరం నుంచి హిందూపురం.

పెనుకొండలో దిగి జట్కాలో దర్గాకు పోయారు. కొండమీది కోటగోడలు ఎండకు ఎర్రగా కనిపిస్తున్నాయి. ఇక్కడ మాత్రం సావిత్రమ్మకు ప్రాణం తెరిపిన పడింది. బాబయ్య దగ్గర కాశీ గొడవ ఉండదు కదా. పైగా దర్గా ముందు పూలూ, ఊదూ, చక్కెరా అమ్మే హసీనాబీ తన మనిషి. వాళ్ళమ్మ ధర్మవరానికి గాజుల మలారం ఎత్తుకొచ్చిన రోజుల నుంచి స్నేహం.

"యాడ మాయమైపోయినావు సావిత్రక్కా ఇన్నాళ్ళూ?" అంటూ హసీనాబీ లేచొచ్చి చేతులు పట్టుకుంది. ఆదినారాయణ కాలు సంగతి అడిగింది, చక్కెర పొట్లం కట్టింది. సావిత్రమ్మ మనసు చల్లబడింది. పక్కన నీలావతి చేతికున్న నల్లదారం హసీనాబీ కంటబడేదాకా చల్లగానే ఉంది.

"ఇదేం దారం తల్లీ?"

"కాశీది" అంది నీలావతి.

"కాశీకి పోయొచ్చినావా!" హసీనాబీ సావిత్రమ్మ చేతులు వదిలేసింది. నీలావతి రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. "మా మామ మక్కాకు పోయొచ్చినప్పుడు ఊరు ఊరంతా వచ్చి ఆయన చేతులు ముద్దు పెట్టుకున్న్యారు తల్లీ. యా దేవుని కాడికైనా అంత దూరం పోయేది తక్కువ మాటనా? నాకొక దారం ఇయ్యి, దుకాణానికి కట్టుకుంటా."

దుకాణం గుంజకు కాశీ దారం కట్టుకుని హసీనాబీ మురిసిపోయింది. లోపల సమాధి ముందు నిలబడి సావిత్రమ్మ మొక్కు చెల్లించింది. భర్త కాలు గురించి దండం పెట్టుకున్నాక, ఇంకో మాట కూడా అంది: "బాబయ్యా, నీ ముంగిట్లో కూడానా?"

హిందూపురం చేరిన మర్నాడు లేపాక్షికి పోదామని చెప్పింది సావిత్రమ్మే. ఇది ఆమె పట్టు. ఆమె పుట్టిల్లు లేపాక్షి పక్క పల్లె. చిన్నప్పుడు శివరాత్రికి ఆ గుళ్ళో జాగారం చేసిన మనిషి. కాశీ నీకు తెలిస్తే లేపాక్షి నాకు తెలుసు, రా చూపిస్తా అన్నట్టు, జట్కా దిగడంతోనే ఆమె నడకే మారిపోయింది. ఒంటిరాతి బసవన్న ముందు నిలబెట్టి, మెడలో గంటలు లెక్కపెట్టమంది. నాట్యమంటపంలో తలెత్తి, పైకప్పు మీది బొమ్మల్లో ఆడవాళ్ళు కట్టిన చీరల అంచులు చూపించింది.

"చూడు, మన ధర్మవరం మగ్గాల మీద నేసే అంచులు ఈడ్నుంచి పోయినవే అంటారు. నీ కాశీలో ఉండాయా ఇట్లాంటివి?"

"లేవక్కా" అంది నీలావతి నిజాయితీగా. నోరు తెరుచుకుని చూస్తోంది.

సావిత్రమ్మకు ఊపొచ్చింది. సగంలో ఆగిపోయిన కల్యాణమంటపం దగ్గరికి తీసుకుపోయి, గోడమీది ఎర్రటి మరకలు చూపించి కథ చెప్పింది. ఈ గుడి కట్టించిన విరూపణ్ణ పేరు ఊరూరా మోగుతుంటే చూడలేనివాళ్ళు, రాజుకు చాడీలు చెప్పారట. రాజు శిక్ష వేసేలోపు ఆయన తన కళ్ళు తనే పెరుక్కుని ఈ గోడకేసి కొట్టాడట.

"పాపం. ఓర్వలేక ఎంత పని చేసినారక్కా" అంది నీలావతి.

"ఊఁ" అంది సావిత్రమ్మ. తొందరగా అక్కడ్నుంచి నడిచింది.

ఇక మిగిలింది వేలాడే స్తంభం. అది నేలకు ఆనదు, కింద గుడ్డ దూరుతుంది. సావిత్రమ్మ కొంగు తీసి, మోకాళ్ళ మీద వంగి, స్తంభం కింద ఈ పక్క నుంచి దూర్చింది. "ఆ పక్క నుంచి లాగు మే, చూద్దువు" అంది. ఎవరూ లాగలేదు. తల తిప్పి చూస్తే, మడకశిర నుంచి బండ్లు కట్టుకొచ్చిన ఆడవాళ్ళ గుంపొకటి నీలావతిని చుట్టుకునుంది. ఎవరో ఆమె చేతి దారం చూశారు. "కాశీ అంటనే, కాశీ!" అనుకుంటూ ఒకరి తర్వాత ఒకరు ఆమె కాళ్ళకు మొక్కుతున్నారు. నీలావతి "వద్దమ్మా, వద్దమ్మా" అంటూనే ఉంది. సావిత్రమ్మ కొంగు స్తంభం కింద, ఆమె మోకాళ్ళ మీద. తన పుట్టింటి గుళ్ళో, తన స్తంభం దగ్గర.

అప్పుడే నిశ్చయించుకుంది. ఈ నీలావతిని నేలకు దించాలి.

మర్నాడు చిన్నత్త ఇంట్లో గంగపూజ. వంట ఎప్పటిలాగే సావిత్రమ్మ చేతికొచ్చింది. వంటింట్లో గంప నిండా కూరగాయలున్నాయి, అందులో హిందూపురం సంత నుంచి వచ్చిన వంకాయలూ ఉన్నాయి. నీలావతి ఒక్కతే కదా తినంది, మిగతావాళ్ళకు చెయ్యమని తెప్పించింది చిన్నత్త. "ఆ పిల్ల ముందర ఎందుకు చిన్నత్తా, చిక్కుడుకాయ చేస్తా" అంది సావిత్రమ్మ. ఎంత మంచి మనసే నీది అని చిన్నత్త ఆమె గడ్డం పుణికింది.

చిన్నత్త అటు పోగానే సావిత్రమ్మ లేత వంకాయలు రెండు తీసి పొయ్యిలో నివురు కింద పెట్టింది. కమిలిన తోలు ఒలిచింది. రోట్లో చెనిక్కాయలూ, ఎండుమిరపకాయలూ, చింతపండూ వేసి ఊరిబిండి నూరుతూ, ఆ వంకాయ గుజ్జు అందులో వేసి మెదిపింది. ఊరిబిండి రంగులో అది ఎక్కడా తేలలేదు. ఇంకేముంది, నీలావతి వేళ్ళు నాకేదాకా ఆగి, నలుగురిలో నెమ్మదిగా "అయ్యో, దాంట్లో వంకాయ పడినట్లుండాదే" అంటే చాలు. గయలో వదిలింది హిందూపురంలో తినింది అంటారు. ఇక ఆ కాళ్ళకు ఎవరు మొక్కుతారో చూద్దాం. రోకలి వేగంగా పడుతోంది.

పూజ అయింది. గంగచెంబు మూత పగలగొట్టి, చుట్టాలందరి అరచేతుల్లో తలా ఒక చుక్క పోశారు. పూజకని ఆ పొద్దునే ధర్మవరం నుంచి వచ్చిన గంగాధర, మిగతా మగవాళ్ళంతా తిని లేచాక ఆడవాళ్ళు బంతి కూర్చున్నారు. నీలావతిని నడుమ కూర్చోబెట్టారు, ఆమె పక్కన చిన్నత్త. సావిత్రమ్మ సంగటి ముద్దలు పెట్టి, ఊరిబిండి గిన్నె తీసుకుని వరసగా వడ్డించుకుంటూ వచ్చింది. నీలావతి ఆకులో కాస్త ఎక్కువే వేసింది.

నీలావతి సంగటిలో ఊరిబిండి నంజుకోబోయి ఆగింది. తల దించుకుని, ముద్దను ఆ ఊరిబిండిలో అటూ ఇటూ అద్దుతూ కూర్చుంది. బంతి చివర నిలబడి సావిత్రమ్మ రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"ఏమే, పిసుకుతానే ఉండావు, తినవా?" అంది చిన్నత్త. అని, బంతిలోని ఆడవాళ్ళ వైపు తిరిగింది. "వంకాయ లేకుంటే దీనికి ముద్ద దిగదు. చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది గాని, నా నోట్లో ఏమన్నా నిలుస్తాదా? ఇనండి. గయలో నేను సీమచింతకాయ వదిల్నా. గంగాధర కాకరకాయ వదిలినాడు. ఈ పిచ్చిదాన్ని పురోహితుడు, తెలుగు తెలిసిన అయ్యవారే, 'నీకు అన్నిటి కంటే ఇష్టమైంది ఏందమ్మా' అంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఏడుస్తాంది. ఏమే అంటే వంకాయ అంట! నేను తొడ గిచ్చినా. సొరకాయ అని చెప్పే, ఈడ మనల్ని ఎవురు చూస్తాండారు అన్న్యా. ఇంటే కదా?"

"చిన్నత్తా, వద్దు" అంది నీలావతి.

"ఉండు. ఏమనింది తెలుసునా? 'ఇది మా అక్క రావాల్సిన చోటు. ఆమె యాత్ర నేను చేస్తాండా. ఈ వదిలిన పుణ్యం ఆమెకు పోవల్ల. నాకు గిట్టనిది వదిలితే ఆమెకేం పోతాది చిన్నత్తా' అనింది. మా అక్క చేతి గుత్తొంకాయ కంటే ఇష్టమైంది నాకీ భూమ్మీద లేదు అని చెప్పి, గోత్రం చెప్పి, సావిత్రమ్మ అని పేరు చెప్పించి, నీళ్ళు వదిలింది. కాశీ పోకుండానే కాశీ పుణ్యం కొట్టేసినావు గదమ్మే సావిత్రీ!"

బంతిలో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. అందరూ సావిత్రమ్మ వైపు చూశారు. ఆమె గిన్నె పట్టుకుని నిలబడిన చోటే నిలబడిపోయింది. చెప్పాలి. చెబితే, ఇంతమందిలో, ఏమని చెప్పాలి? చెప్పకుండా ఏదో ఒక సాకుతో ఆ ఆకు తీసెయ్యొచ్చా అని కూడా ఆలోచించింది. ఆ ఆలోచనలో ఉండగానే నీలావతి తలెత్తి ఆమెను చూసింది. ఏదో అడుగుతున్నట్టు కాసేపు చూసింది. సావిత్రమ్మ పలకలేదు. నీలావతి కళ్ళు దించుకుని ముద్ద ఎత్తింది.

గిన్నె ఎక్కడ పడిందో సావిత్రమ్మకు తెలియదు. ఆకులు దాటుకుని పోయి నీలావతి మణికట్టు పట్టేసుకుంది.

"తినొద్దే! దాంట్లో వంకాయ ఉండాది."

"అయ్యో, ఎట్ల పడిందే?" అంది చిన్నత్త.

"పడలేదు. నేనే వేసినా. తెలిసే వేసినా. దీని ఒట్టు తప్పించల్లని వేసినా."

వీధిలో పోతున్న జట్కా చప్పుడు ఇంట్లోకి వినిపించింది.

"తెలుసక్కా" అంది నీలావతి మెల్లగా. "ఆకులో పడినప్పుడే వాసన తెలిసింది. నువ్వు కాల్చిన వంకాయ నాకు తెలీదా?"

"తెలిసి కూడా నోటికాడికి ఎత్తినావా?"

"చిన్నత్త చెప్పిందంతా విన్న్యావు గదా. విని కూడా నువ్వు పలకలేదు." నీలావతి చెయ్యి ఇంకా ఆమె పట్టులోనే ఉంది. "పుణ్యం నీది కదక్కా. నీకొద్దేమో అనుకున్న్యా."

సావిత్రమ్మ ఆ ఆకు పక్కనే నేల మీద కూలబడింది. నీలావతి చేతిలోని ముద్దను తీసుకుని తన నోట్లో పెట్టుకుంది. ఇంకా ఆ ఆకులో ఉన్నదంతా, ఒక మెతుకు మిగల్చకుండా, అందరూ చూస్తుండగా తింది. ఊరిబిండిలో ఉప్పు లేదు. ఇన్నేళ్ళ వంటలో ఆమె ఉప్పు మరిచిపోవడం అదే మొదలు. తింటున్నంతసేపూ కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తర్వాత లేచి, చెయ్యి కడుక్కుని, కొత్త ఆకు తెచ్చి నీలావతి ముందు వేసి, చిక్కుడుకాయ కూర వడ్డించింది.

తిరుగు రైలులో ఇద్దరూ కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నారు. సావిత్రమ్మకు అసూయ పోయిందా అంటే, పోలేదు. కాశీ మీద మాత్రం పోయింది. అన్నిటికంటే ఇష్టమైనదాన్ని ఎవరి కోసమో అంత సులువుగా వదిలెయ్యగలిగిన ఆ మనసు తనకెందుకు లేదని ఇప్పుడు కడుపు రగులుతోంది. ఈ పిల్ల ఇందులో కూడా తన కంటే ముందే పోయింది.

"నేను కూడా ఒకటి వదుల్తా" అంది ఉన్నట్టుండి.

"గయకు పోకుండానేనా? ఏం వదుల్తావక్కా?"

"గుత్తొంకాయ చేసేది."

నీలావతి ఉలిక్కిపడింది. "వద్దక్కా, నీ పేరే దాంతో కదా. నీకు గిట్టనిది ఏదన్నా వదులు. నలుగురికి తెలిస్తే నవ్వుతారు."

"నవ్వనీ" అంది సావిత్రమ్మ.

ధర్మవరంలో దిగాక ఆమె ఇంట్లోకి కూడా పోలేదు. నేరుగా బావి కాడికి పోయి, కాయల మీదున్న వంగ చెట్లను ఒక్కొక్కటే పీకి గట్టు మీద వేసింది. ఆదినారాయణ కర్ర ఊతంతో గుమ్మంలోకి వచ్చి, "ఏం చేస్తాండావే, పిచ్చిగాని పట్టిందా?" అని కేకేశాడు. నీలావతి కొంగు బిగించి మడిలోకి దిగి, ఆమె పక్కన కూర్చుని తను కూడా పీకడం మొదలుపెట్టింది.